తిథి నుండి తేదీకి

పాఠశాలలో ఉదయ ప్రార్థన ముగియగానే ప్రధానోపాధ్యాయుడు "నేడు ఫలానా దినోత్సవము" అని ప్రకటించుట ఇప్పుడు సర్వసాధారణమైనది. ఇట్టి ప్రకటన లేని వారము సంవత్సరములో అరుదు. బల్లపై పటము పెట్టి పూలదండ వేయుదురు. కంఠము బాగుగా నున్న విద్యార్థి యొకడు రెండు పుటల యుపన్యాసమును అప్పగించును. పిప్పరమెంట్లు పంచుదురు. తరువాత మొదటి గంట కొట్టుదురు. ఇంతలో "ఈ దినమే యేల? నిన్న యేల కాకూడదు?" అని యడుగు పిల్లవాడు కనబడడు. కనబడినచో వానికి తడుముకొనక బదులు చెప్పగల పెద్దలును ఎక్కువమంది యుండరు. అట్టి పిల్లవాడొకడు మన తరగతిలో వెనుక బల్లపై కూర్చున్నాడని తలచి, వాని కొరకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా మాటల సంగతి చూతము. పర్వము అనగా కణుపు. వెదురునకును చెరకునకును కణుపు లున్నట్లే కాలమునకును కణుపులు కలవని మన పూర్వులు భావించిరి. పక్షమునకును పక్షమునకును నడుమ వచ్చు పున్నమ, అమావాస్యలు అట్టి కణుపులు గనుక పర్వదినములైనవి. మహాభారతమును పదునెనిమిది పర్వములుగా విభజించుటలోను ఈ యర్థమే యున్నది. మనము నిత్యము పలుకు 'పబ్బము' ఆ సంస్కృత పదమునకు వికృతియే. చెరకును నాటు రైతునకు ఈ పోలిక మనకంటె బాగుగా తెలియును. కణుపు లేని ముక్కను నాటినచో మొలక రాదు.

జయంతి యను మాట చరిత్ర మరింత వింతయైనది. శ్రావణ బహుళాష్టమి నాడు రోహిణీ నక్షత్రము కూడినచో ఆ యోగమునకు జయంతి యని పేరు. అనగా అది మొదట శ్రీకృష్ణుడు జనించిన వేళకు మాత్రమే చెందిన పేరు. తరువాత నృసింహ జయంతి, వామన జయంతి యని తక్కిన యవతారములకును, అటుపిమ్మట శంకర జయంతి యని ఆచార్యులకును వ్యాపించి, మన కాలమున గాంధీ జయంతి వరకు వచ్చినది. నక్షత్రము పోయి మనుష్యుడు మిగిలెను.

ఇక వర్ధంతి. వృద్ధి, వర్ధనము, వర్ధిల్లుట యను మాటల కుటుంబములోనిదే యిది. పెరుగుట దీని యర్థము. కన్నడ దేశమున వర్ధంతి యనగా పుట్టినరోజు. మైసూరు మహారాజుల జన్మదినోత్సవములకు వర్ధంతి యనియే పేరు. మఠాధిపతుల జన్మదినములకు ఆ మాటనే నేటికిని వాడుదురు. తెలుగునాట మాత్రము అది మరణించిన దినమునకు రూఢియైనది. మనవా డొకడు బెంగుళూరునకు పోయి, అచ్చట గోడపై స్వామివారి వర్ధంతి ప్రకటన చూచి దుఃఖపడినచో తప్పు వానిది కాదు. పెరుగుటను సూచించు మాట మరణమునకు పేరెట్లైనదో నిఘంటువులు సులభముగా చెప్పవు. చావు మాటను నేరుగా పలుకుటకు జంకి, మంగళకరమైన మాటతో కప్పుట మన యలవాటు. దీపము ఆరినదనక 'కొండెక్కినది' అనువారము గదా. ఇదియు నట్టిదే యని నా యూహ.

మన యిండ్లలో వీటికంటె పాతదియు బరువైనదియు నగు మాట యొకటి కలదు. అది తద్దినము. 'ఆ దినము' అనియే దాని యర్థము. తండ్రి పోయిన తిథికి ఆ యింటిలో వేరొక పేరు అక్కరలేదు. ఆ దినము అన్నంతనే ఇంటిల్లిపాదికిని తెలియును. ఇంత గంభీరమైన మాటను లోకము 'తద్దినము కొని తెచ్చుకొన్నట్లు' అను సామెతలో పెట్టి, అనవసరముగా నెత్తికెత్తుకొన్న భారమునకు పేరుగా చేసినది. పైనుండి ఉత్తరువు వచ్చినప్పుడెల్ల నొక క్రొత్త దినోత్సవమును జరిపి, దాని ఛాయాచిత్రములను ఆ సాయంకాలములోగా పంపవలసిన ఉపాధ్యాయునకు ఈ సామెత గుర్తునకు వచ్చినచో ఆశ్చర్యము లేదు. 'ఆ దినము' అనిన మాటలో ఏ దినమో, ఎవరి దినమో మరచిపోయిన తరువాత భారమే మిగులును.

పూర్వము ఈ దినములన్నియు తిథులపై నడచినవి. చంద్రుడు సూర్యుని నుండి 12 డిగ్రీలు జరుగుటకు పట్టు కాలము ఒక తిథి. చంద్రుని నడక ఒకే వేగముతో సాగదు గనుక తిథి ఒకప్పుడు సుమారు 20 గంటలలో ముగియును, ఒకప్పుడు 26 గంటలు దాటియు నుండును. పండ్రెండు చాంద్రమాసములు కలిసి సుమారు 354 దినములు. సూర్యుని లెక్కకు 11 దినములు తక్కువ. ఈ లోటు పేరుకొని నెల కాగానే అధికమాసము వచ్చి సరిపెట్టును. అందువలననే ఉగాది ఒక యేడు మార్చిలోను, మరొక యేడు ఏప్రిలులోను వచ్చును.

దీనిని తరగతిలో చూపుటకు చక్కని సాధన మొకటి కలదు. 235 చాంద్రమాసములును 19 సౌర సంవత్సరములును దాదాపు సమానములు. కావున ఒకని పుట్టిన తేదీయు, పుట్టిన తిథియు విడిపోయి, మరల 19 ఏండ్లు నిండిన నాడు ఒకటి రెండు దినముల తేడాతో కలిసికొనును. పిల్లల తాతలు పుట్టిన నాటి పాత పంచాంగ మెవరి యింటనైన దొరకినచో లెక్క మరింత రుచించును.

తిథిని విడువని ఉత్సవములు నేటికిని కలవు. తెలుగులో పాడి తమిళదేశమున వెలసిన త్యాగరాజు 1847 జనవరి 6వ తేదీన కాలము చేసెను. అది పుష్య బహుళ పంచమి. కావేరి యొడ్డున తిరువైయారులో, బెంగుళూరు నాగరత్నమ్మ తన ధనము వెచ్చించి కట్టించిన సమాధి మందిరమువద్ద, సంగీత విద్వాంసులు ఏటేట చేరి కీర్తనలు పాడునది ఆ పంచమి నాడే గాని జనవరి 6న కాదు. ఇంగ్లీషు తేదీ ఏటేట మారుచున్నను వచ్చువారెవరును దారి తప్పుట లేదు.

తిథియు తేదీయు ఒకే మహాపురుషునికి రెండు పుట్టినరోజులు కల్పించుటయు కలదు. వివేకానందుడు 1863 జనవరి 12న జన్మించెను. భారత ప్రభుత్వము 1984లో ఆ తేదీని జాతీయ యువజన దినముగా ప్రకటించి 1985 నుండి జరుపుచున్నది. ఆయన స్థాపించిన రామకృష్ణ మఠమున జన్మదిన పూజ మాత్రము పుష్య బహుళ సప్తమి తిథి నాడు జరుగును. ఇందులో మరొక విశేషము కలదు. 1863లో ఆ జనవరి 12 మకర సంక్రాంతి దినము. మనకు సంక్రాంతి ఇప్పుడు జనవరి 14న గాని 15న గాని వచ్చుచున్నది. మన పంచాంగపు సౌర సంవత్సరము ఇంగ్లీషు సంవత్సరముకంటె ఇరువది నిమిషములకు పైగా పెద్దది. ఈ నిమిషములు సుమారు డెబ్బది యేండ్లకొక దినమగును. అందుచేత సంక్రాంతి మెల్లమెల్లగా ముందునకు జరుగుచున్నది. కదలదని మనమనుకొను పండుగయే కదలుచున్నది!

స్వాతంత్ర్యానంతరము ఈ చిక్కును విప్పుటకు గొప్ప ప్రయత్నమే జరిగినది. 1952లో మేఘనాద సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘ మేర్పడెను. దేశమున సుమారు ముప్పది విధముల పంచాంగములు వాడుకలో నున్నట్లు అప్పుడు తేలెను. సంఘము 1955లో నివేదిక సమర్పించెను. దాని ననుసరించి 1957 మార్చి 22వ తేదీ శక సంవత్సరము 1879 చైత్రము 1గా జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ గెజెటుపై ఇంగ్లీషు తేదీ ప్రక్కన కనబడునది అదియే. ఆ లెక్కన గణతంత్ర దినము మాఘము 6, స్వాతంత్ర్య దినము శ్రావణము 24. ఇంతవరకు ఈ పేర్లతో వాటిని పిలిచినవారిని నేను చూడలేదు. గుడికి తిథియు, కచేరీకి తేదీయు చాలునని జనము నిర్ణయించుకొన్నట్లున్నది.

ఈ విషయమున తూర్పు వంగదేశపు ఉదంతము వినదగినది. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో, వంగభాషకు రాజభాషాస్థానము కోరిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రాణములు పోయినవి. ఆ దినమునే 1999 నవంబరు 17న యునెస్కో అంతర్జాతీయ మాతృభాషా దినముగా అంగీకరించెను. 2000 నుండి ప్రపంచమంతట జరుగుచున్నది. మాతృభాష కొరకు ప్రాణములిచ్చిన దినమును ఆ జనులు తమ పంచాంగముతో గాక ఇంగ్లీషు నెల పేరుతోనే ఇరువదియొకటవ ఫిబ్రవరి యని పిలుచుట యొక వైచిత్ర్యము. వారి లెక్కకు అది 1358 ఫాల్గుణము 8. తరువాత పంచాంగమును సవరించినప్పుడు ఆ తేదీ ఫాల్గుణము 9న పడసాగెను. బంగ్లాదేశ ప్రభుత్వము 2019లో నెలల దినసంఖ్యను మరల మార్చి, ఫిబ్రవరి 21 ఎప్పటికిని ఫాల్గుణము 8తో కలియునట్లు చేసెను. ఒక్క దినము కొరకు దేశమంతటి పంచాంగము దిద్దబడినదన్నమాట. చేసిన పనిని కొందరు పరిహసింపవచ్చును. నాకు మాత్రము గౌరవమే కలిగినది.

మన జనవరి 26 కథయు ఇట్టిదే. 1929 డిసెంబరులో లాహోరునందు జవహర్లాలు నెహ్రూ అధ్యక్షతన జరిగిన కాంగ్రెసు మహాసభ పూర్ణ స్వరాజ్యమే లక్ష్యమని తీర్మానించెను. 31వ తేదీ అర్ధరాత్రి రావీ నది యొడ్డున జెండా ఎగిరెను. తీర్మానమైతే జరిగినది గాని దానిని ఊరూర ప్రజల చేత పలికించుట యెట్లు? జనవరి చివరి యాదివారమును స్వాతంత్ర్య దినముగా జరుపవలెనని నిశ్చయించిరి. 1930లో ఆ యాదివారము 26వ తేదీన వచ్చెను. ఈ దినమే యేల యనిన పిల్లవానికి సమాధాన మిదియే: అది సెలవు దినము, జనము కూడుటకు వీలైన దినము. గ్రహస్థితి చూచి పెట్టిన ముహూర్తము కాదు. ఆనాడు ఊరూర సభలు చేరి ప్రతిజ్ఞ చదివిరి. మార్చిలో గాంధీమహాత్ముడు దండి యాత్రకు బయలుదేరుటకు ముందు దేశము నాడి చూచినది ఆ సభలే.

అది మొదలు 1947 వరకు జనవరి 26యే మన స్వాతంత్ర్య దినము. స్వాతంత్ర్యము వచ్చినది మాత్రము మరొక తేదీన. ఆగస్టు 15ను ఎంచినవాడు మౌంట్‌బాటెన్. 1945లో జపాను లొంగిపోయిన దినమది. ఆగ్నేయాసియాలో మిత్రసైన్యములను నడపిన ఆయనకు ఆ తేదీపై మమకారము. మన దేశమునకు స్వాతంత్ర్య దినమును మరొక యుద్ధపు జ్ఞాపకము నిర్ణయించెను. ఆ దినము శుభము కాదని జ్యోతిష్కులు చెప్పిరనియు, అందుచేతనే అర్ధరాత్రి వేళ కుదిరినదనియు ఆనాటివారు వ్రాసియున్నారు. కారణ మేదైనను అందులో నొక చమత్కారము కలదు. ఇంగ్లీషు లెక్కకు దినము అర్ధరాత్రి మారును. మన లెక్కకు సూర్యోదయమున మారును. కావున ఆ గడియ వారికి శుక్రవారము, ఆగస్టు 15. మన పంచాంగమునకు ఇంకను గురువారమే.

పదునేడేండ్లు స్వాతంత్ర్య దినముగా వెలిగిన జనవరి 26 ఇక నేమి కావలెను? రాజ్యాంగమును 1949 నవంబరు 26ననే రాజ్యాంగ సభ ఆమోదించెను. దానిలో పౌరసత్వము మొదలగు కొన్ని భాగములు వెంటనే అమలైనను, తక్కిన దానిని రెండు నెలలు ఆపి 1950 జనవరి 26న అమలు చేసిరి. రావీ యొడ్డు నాటి జ్ఞాపకము పోకూడదని చేసిన పని యది. రాజ్యాంగమును ఆమోదించిన నవంబరు 26 పాపము చిరకాలము మరుగున పడియుండి, 2015 నుండి రాజ్యాంగ దినముగా గుర్తింపు పొందినది.

జనవరి 30 ఉదయము 11 గంటలకు రెండు నిముషములు మౌనము పాటింతుము. గాంధీజీ పై కాల్పులు జరిగినది 1948లో ఆనాటి సాయంకాలము అయిదు దాటిన పిమ్మట. ఉదయపు మౌన మెక్కడిది? మొదటి ప్రపంచ యుద్ధము 1918 నవంబరు 11న, 11 గంటలకు ఆగెను. మరుసటి యేడు అదే గడియకు రెండు నిముషములు సర్వమును నిలిపివేసి మృతవీరులను స్మరించుట బ్రిటిషు సామ్రాజ్యమంతట నాచారమైనది. ఆ మౌనమే మన యాచారమునకు పూర్వరూపము. అహింసామూర్తికి మనమిచ్చు నివాళి యుద్ధభూమి నుండి వచ్చినదని చెప్పినచో పెద్ద తరగతుల పిల్లలు కొంతసేపు ఆలోచింతురు. వారిని ఆలోచింపనిండు.

ఇక తెలుగు పంతులుగారికి పండ్రెండు దినముల పండుగ యొకటి కలదు. ఆగస్టు 29న మొదలై సెప్టెంబరు 9న ముగియును. ఆగస్టు 29 గిడుగు వెంకట రామమూర్తి జన్మదినము. ఆయన 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, పాఠము చెప్పుటతో తృప్తి చెందక, కొండలలోని సవరల వద్దకు పోయి వారి భాష నేర్చెను. లిపి లేని ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చెను. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు పాటుపడెను. నోట నున్న భాషకును పుస్తకములోని భాషకును గల యగాధము పిల్లలను ఎట్లు క్రుంగదీయునో చూచినవాడు గనుకనే తెలుగున వ్యావహారిక భాషకై జీవితాంతము వాదించెను. ఈ వ్యాసము వ్రాసిన భాషను చూచినచో ఆయన నన్ను సభలో నిలిపి ప్రశ్నించి యుండెడివాడు. పాత పత్రికల వాసన మరగిన చేయి వెంటనే మారదు.

సెప్టెంబరు 9 కాళోజీ నారాయణరావు జన్మదినము. ఆయన 1914లో జన్మించెను. తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన 2014 నుండి అచ్చట దానిని తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. ఒకరు బడిలో గ్రాంథికముతో పోరాడిరి. మరొకరు తమ ప్రాంతపు పలుకును చిన్నచూపు చూచినవారితో పోరాడిరి. ఇరువురును కోరినది ఒక్కటే: పిల్లవాడు తల్లి వద్ద నేర్చిన మాటకు బడిలో సిగ్గుపడకుండుట. అట్లుండగా కృష్ణకు ఈవల నొకరిని, ఆవల నొకరిని మాత్రమే తలచుట వింతగా నున్నది. శ్రీకాకుళపు బడిలో కాళోజీని గూర్చియు, ఓరుగల్లు బడిలో గిడుగును గూర్చియు చెప్పుటకు ఎవరి యుత్తరువును అక్కరలేదు.

ఈ రెండు దినముల నడుమ సెప్టెంబరు 5 వచ్చును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షుడుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1962లో రాష్ట్రపతి యయ్యెను. ఆ యేటి నుండి ఆయన జన్మదినము ఉపాధ్యాయ దినమైనది. అధికార పత్రములలో ఆయన పుట్టిన తేదీ 1888 సెప్టెంబరు 5. అయితే ఆయన కుమారుడును చరిత్రకారుడును అగు గోపాల్ తాను 1989లో ప్రకటించిన జీవితచరిత్రలో, తాను జన్మించినది 1887 సెప్టెంబరు 20 అని రాధాకృష్ణన్ స్వయముగా తలచినట్లు తెలిపెను. ఇది ఆ మహనీయుని యొక్కనికే జరిగినది కాదు. ఆ తరమువారిలో పలువురకు తల్లి చెప్పు పుట్టినరోజు ఒకటి, బడి రిజిస్టరులోని పుట్టినరోజు మరొకటి. చేర్చవచ్చిన పిల్లవానిని పంతులుగారు ఎగాదిగా చూచి, వయస్సు లెక్క కట్టి, నోటికి వచ్చిన తేదీ వేయుట పల్లెలలో మామూలు. ఆ కలము పోటుతో ఉద్యోగ విరమణ దినము కూడ నిర్ణయమైపోయెడిది! దేశమందలి ఉపాధ్యాయుల పండుగకే ఇట్టి సందేహము కలదనుట ఉపాధ్యాయులకు తగినట్లుగనే యున్నది.

అక్టోబరు 5న ప్రపంచ ఉపాధ్యాయ దినము వచ్చునని మనవారిలో పలువురకు తెలియదు. 1966లో ఆ తేదీన పారిసునందు ఉపాధ్యాయుల స్థితిగతులను గూర్చిన అంతర్జాతీయ సిఫార్సులు అంగీకరింపబడినవి. వానిలో ఉపాధ్యాయుల బాధ్యతలతో పాటు జీతము, శిక్షణ, హక్కులు గూడ కలవు. 1994 నుండి యునెస్కో ఆ దినమును జరుపుచున్నది. సెప్టెంబరు 5న పంతులుగారికి పూలదండ లభించును. అక్టోబరు 5న చదువవలసినది దండ కాదు, కాగితము. బహుశః అందుచేతనే అది మనకు పరిచయము కాలేదు.

జన్మదినముల విషయమున నాకొక యభిప్రాయము కలదు. పుట్టుటలో ఎవరి ప్రతిభయు లేదు. చేసిన పని జరిగిన తేదీయే స్మరణకు తగినది. చంద్రశేఖర వెంకట రామన్ నవంబరు 7న పుట్టెను. కాని మన జాతీయ విజ్ఞాన దినము ఫిబ్రవరి 28. తన పేరుతో ప్రసిద్ధమైన కాంతి ఫలితమును ఆయన 1928లో కనుగొన్న దినమది. 1987 నుండి జరుగుచున్నది. మంచి యెన్నిక.

పని దినమును జన్మదినము మింగివేసిన యుదాహరణమును మన తెలుగువారు తప్పక తెలిసికొనవలెను. నవంబరు 14 నెహ్రూ జన్మదినమనియు, బాలల దినమనియు ప్రతి పిల్లవాడును చెప్పగలడు. ఆనాటి నుండియే జాతీయ గ్రంథాలయ వారోత్సవము మొదలగును. అది నెహ్రూ పేర మొదలైనదని పలువురి భ్రమ. అయ్యంకి వెంకట రమణయ్య పూనికతో 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత ప్రజా గ్రంథాలయ మహాసభ జరిగెను. దాని జ్ఞాపకార్థమే, 1968 నుండి జరుగుచున్న ఈ వారము ఆ తేదీతో మొదలైనది. అంతకుముందే, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసియుండెను. 1935లో పాతూరి నాగభూషణము పడవలో పుస్తకములు పెట్టి కాలువ గట్టుల యూళ్లకు పంపెను. గ్రంథాలయోద్యమమున దేశమునకు దారి చూపినవారిలో మనవారు ముందున్నారు. నవంబరు 14న ఎఱ్ఱ గులాబీ పంచినంతసేపు పట్టదు ఈ సంగతి చెప్పుటకు.

రాష్ట్రావతరణ దినముల కథలో ఆనందముతో పాటు నొప్పియు కలదు. పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి గృహమున 1952 అక్టోబరు 19న నిరాహారదీక్ష పూని, 58 దినముల పిమ్మట డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడిచెను. 19న ప్రధాని ఆంధ్రరాష్ట్ర నిర్మాణమును ప్రకటించెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రమును, 1956 నవంబరు 1న హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశమును, 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమును ఏర్పడినవి. విడిపోయిన పిదప మిగిలిన ఆంధ్రప్రదేశమునకు అవతరణ దినమేది యను ప్రశ్న అయిదేండ్లు నలిగి, 2019లో నవంబరు 1 మరల వచ్చెను. అక్టోబరు 1ని అడుగువారే అరుదు. ఒక మనుష్యుడు ప్రాణమిచ్చి తెచ్చిన రాష్ట్రము పుట్టిన దినమది!

అన్నిటికంటె కఠినమైనది సెప్టెంబరు 17. 1948లో భారతసేనలు 13న హైదరాబాదు సంస్థానమున ప్రవేశింపగా, 17న నిజాము లొంగుబాటు ప్రకటించెను. ఇంతవరకు వివాదము లేదు. ఆ దినమునకు పేరు పెట్టుటలోనే వివాదమంతయు నున్నది. విమోచనమని కొందరు, విలీనమని కొందరు, విద్రోహమని కొందరు. 2022లో కేంద్ర ప్రభుత్వము విమోచన దినమనియు, రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమనియు ఒకే నగరమున ఒకే ఉదయము వేరువేరు జెండా వందనములు జరిపినవి. 2024లో రాష్ట్ర ప్రభుత్వము దానినే ప్రజాపాలన దినోత్సవ మన్నది. తేదీ యొక్కటి, పేర్లు నాలుగైదు. ఒక్కొక్క పేరు వెనుక ఒక్కొక్క యింటి యనుభవము కలదు: రజాకార్ల దాడిలో సర్వస్వము కోల్పోయినవారి యనుభవము, సైనిక చర్య పిమ్మట జరిగిన హింసలో ఆప్తులను కోల్పోయినవారి యనుభవము, భూమికై పోరాడి 1951 వరకు ఆయుధము దింపని రైతుల యనుభవము. ఈ ముగ్గురి మనుమలును ఒకే తరగతిలో ప్రక్కప్రక్కన కూర్చుండి యుండవచ్చును. కావున ఉపాధ్యాయుడు ముందు జరిగినది చెప్పవలెను. పేర్లను తరువాత, అన్నిటిని, వ్రాసి చూపవలెను. ఒక్క పేరు మాత్రమే చెప్పి ఊరకొనుట పాఠము కాదు.

ఇన్ని దినముల నడుమ ప్రతి పాఠశాలకును తనదైన దినమొకటి యుండవలెనని నా కోరిక. వార్షికోత్సవము సంగతి కాదు. అది అతిథి వీలునుబట్టి జరుగునది. ప్రధానోపాధ్యాయుని బీరువా యడుగున అడ్మిషన్ రిజిస్టరు మొదటి సంపుట ముండును. దాని మొదటి పుటలో, మొదటి వరుసలో, ఆ బడిలో చేరిన మొదటి పిల్లవాని పేరును, చేరిన తేదీయు ఉండును. ఏ యూరి పిల్లవాడో, తండ్రి వృత్తి యేమో, ఎన్ని యేండ్లకు బాలిక పేరు మొదట కనబడినదో ఆ పుటలే చెప్పును. పాత తరమువారిలో ఎవరైన మిగిలియున్నచో పిలిచి అడుగవచ్చును. చాలచోట్ల ఆ సంపుటము చెదలపాలైనది. మిగిలినచోట దానిని పై యరలోనికి మార్చి, మొదటి పుటలకు నకలు తీయించి, ఒక ప్రతిని గ్రామ గ్రంథాలయమున నుంచవలెను. వేసవి సెలవులకు ముందే చేయుట మేలు. సెలవులలో బీరువాలు తెరచువా రుండరు.